పేరు తెగిన గోలీలు

వరంగల్ చౌరస్తాలో రామలింగం చేతిలో కత్తెర ఆడినంత సొగసుగా ఏ టైలరు చేతిలోనూ ఆడదని చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లంటే ఎవరో కాదు, ముఖ్యంగా రామలింగమే. ముప్పై ఒక్క ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్న మనిషి. నాలుగు గోలీలు అడిగినవాడికి నాలుగు, రెండు అడిగినవాడికి రెండు, అట్టలోంచి టకటకా కోసి కాగితం కవర్లో వేసి ఇచ్చేవాడు. పది కొను, ఇరవై కొను అని ఎవరినీ బలవంతపెట్టడు. అందుకే చుట్టుపక్కల గల్లీల వాళ్లకు ఆయనంటే గురి.

ఆ కోతకు ఒక పద్ధతి ఉంది. మందు పేరు, గడువు తేదీ, ఎర్ర అక్షరాల్లో జాగ్రత్తలు అట్టకు ఒక కొసన ఉంటాయి. ఆ కొస షాపులోనే మిగలాలి. లేకపోతే మిగిలిన గోలీలు ఏ మందువో రేపు ఆయనకే తెలియదు. కాబట్టి ఎప్పుడూ రెండో కొస నుంచే కోసేవాడు. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లేది వెండి కాగితం, దానిలో తెల్ల గోలీలు. పేరు మాత్రం షాపులో భద్రంగా ఉండేది.

కోడలు తేజస్వి ఫార్మసీ చదివింది. షాపు లైసెన్సు మీద ఉన్నది ఆమె పేరే. కాపురానికి వచ్చిన మొదటి నెల నుంచే ఈ కోత గురించి పోరుతోంది. "కవర్ మీద పేరన్న రాసియ్యి మామయ్యా" అంటే, "ఎవల గోలి ఏదో నాకు నోటికొస్తది బిడ్డా" అని నవ్వేసేవాడు. నోటికి రావడం నిజమే. కానీ గోలీలు ఇంటికి పోయాక ఆయన నోరు వెంట పోదు కదా! ఈ చిన్న ముక్క ఆ పెద్ద బుర్రకు తట్టలేదు.

పదో తరగతి పరీక్షలు జరుగుతున్న మార్చి నెల. గురువారం పొద్దున పదీ పావుకు, కౌంటర్ దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉండగా, వెనక గల్లీ రాజక్క వచ్చి ఒక వెండి ముక్కను అద్దం మీద టప్పున కొట్టింది.

"ఏం సేటూ, డూప్లికేట్ గోలీలు అమ్ముడు ఎప్పటిసంది షురూ జేసినవ్?"

రామలింగం చెవులు ఎర్రబడ్డాయి. "రాజక్కా, జర మెల్లగ మాట్లాడు. ఏమైంది?"

"ఏమైతది! మంగళారం నువ్వే కోసిచ్చినవ్ మోకాళ్ల గోలీలు. రెండు రోజులసంది ఏస్కుంటాన. నొప్పి ఇసుమంత తగ్గలె. ఇదివరకు గంటల లేసి తిరిగేదాన్ని."

రాజక్క మోకాళ్ల సంగతి రామలింగానికి బాగా తెలుసు. రెండేళ్ల కింద మామూలు నొప్పి గోలీలు మింగీ మింగీ ఆమె కడుపులో పుండు పడింది. ఒకరోజు రక్తం కక్కుకుంది. అప్పుడు డాక్టరు మందు మార్చాడు. నొప్పి మందుతో పాటు, అదే గోలీలో కడుపును కాపాడే ఇంకో మందు కలిసి ఉంటుంది. పుండు పడనివ్వదు. అప్పటి నుంచి రాజక్క హాయిగా ఉంది. అలాంటి మందును డూప్లికేట్ అంటే ఊరుకుంటాడా?

ముక్కను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు. గోలీ నడుమ గీత ఉంది. ఆయనకు చటుక్కున నవ్వొచ్చింది.

"గిది నీ గోలే కాదు. జ్వరం గోలి, పారాసిటమాల్. నీ కోడలి నడుంనొప్పికి డాక్టరమ్మ రాసిందని మంగళారమే నాలుగు తీస్కపోయినవ్ సూడు, గది! రెండూ ఒక్కతీరుగుంటయని మార్చి మింగి, నన్ను బద్నాం జేస్తానవా?"

కౌంటర్ దగ్గరున్నవాళ్లు నవ్వారు. రామలింగం కూడా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కోడలి గోలీలు అత్త మింగింది సరే. మరి అత్త గోలీలు?

"రాజక్కా." ఆయన కౌంటర్ మీదికి వంగాడు. "నీ గోలీలు యాడున్నయ్?"

"యాడుంటయ్, సింధు కాడున్నయ్. రెండు ముక్కలూ ఒక్క డబ్బల ఏసిన, అటుది ఇటు అయినట్టున్నది. పోనీ తియ్యి. ఆమెది సుత నొప్పే గదా!"

సింధుకు ఐదో నెల నిండింది. అంతకుముందు రెండుసార్లు నిలిచి, రెండుసార్లూ పోయింది. ఈసారి నిలవాలని రాజక్క మొక్కని దేవుడు లేడు. మేడారం పోయి అమ్మవారికి నిలువెత్తు బంగారం, అంటే తన బరువంత బెల్లం, మొక్కుకుని వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు గిన్నె కింద పెట్టినా మెల్లగా పెడతారు. ఇవన్నీ రామలింగానికి తెలుసు. నెలనెలా ఐరన్ గోలీలు కోసి ఇచ్చింది తనే.

ఇంకొకటి కూడా తెలుసు. కడుపులో పుండును ఆపే ఆ రెండో మందే గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. కాన్పు నొప్పులు తెప్పించడానికి వాడేదీ అదే, పోయిన పిండాన్ని బయటికి పంపేదీ అదే. అందుకే అట్ట మీద, గర్భిణులు వాడరాదని ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ అక్షరాలున్న కొస ఇప్పుడు ఆయన వీపు వెనక సొరుగులో ఉంది.

లోపల మందులు సర్దుతున్న తేజస్వి అప్పటికే బయటికి వచ్చింది. మామ ముఖం చూసి ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. "రాజత్తా, ఎన్ని ఏస్కున్నది?"

"రాత్రికొకటి. మొన్న, నిన్న. ఇయ్యాల పరీక్షల డ్యూటీ, మూడు గంటలు నిలబడాల్నని మిగిలిన రెండు పర్సుల ఏస్కొని పోయింది. గంత ఫికర్ ఎందుకే బిడ్డా?"

"కడుపుల ఎట్లున్నదన్నది?"

"పొద్దుగాల రెండుసార్లు దొడ్డికి పోయొచ్చింది. పొత్తికడుపు పట్టుకుంటాందన్నది. గ్యాస్ అనుకున్నం."

తేజస్వి వెంటనే సింధుకు ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. పరీక్ష డ్యూటీకి పోయే టీచర్ల ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టేస్తారు. సింధు మొగుడు అఖిల్ పొద్దున రైలుకు హైదరాబాదు పోయాడు.

"నేను పోయొస్తా" అని రామలింగం స్కూటర్ తాళం అందుకున్నాడు. నిండు అట్ట పారాసిటమాల్ ఒకటి జేబులో వేసుకున్నాడు. తేజస్వి సొరుగు లాగి, మోకాళ్ల గోలీల అట్టలో పేరున్న కొస తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేను డాక్టరమ్మకు ఫోన్ చేస్తాన. మీరు అక్కడ మందు పేరు చెప్పున్రి మామయ్యా. ఏం దాచకున్రి." ఆమె కళ్లలో నీళ్లున్నాయి. కోపం కూడా ఉంది.

రామలింగం మనసులో ఉన్నది వేరు. ఎవరికీ తెలియకుండా గోలీలు మార్చేస్తే సరిపోతుందనుకున్నాడు. ఆ రెండూ తీసుకుని, ఈ అట్ట ఇచ్చి, ఒకసారి డాక్టరుకు చూపించుకో బిడ్డా అంటే అయిపోతుంది. రెండు గోలీలకు ఏమీ కాకపోవచ్చు. షాపు ఉంటుంది, కోడలి సర్టిఫికెట్ ఉంటుంది, తన పేరూ ఉంటుంది. భయపడ్డ మనిషికి అన్నీ సులువుగానే కనిపిస్తాయి. వెనక ఎక్కి కూర్చున్న రాజక్కకు సైతం అదే చెప్పాడు.

"ఏం లేదు రాజక్కా. గోలీలు మార్చుకుందాం. గంతే."

ములుగు రోడ్డు మీద ఆటోలు, ధాన్యం లారీలు కదలనివ్వడం లేదు. వెనక నుంచి రాజక్క మోకాలు స్కూటర్‌కు తగిలినప్పుడల్లా అబ్బా అంటోంది. ఇరవై నిమిషాల దారి అరగంట పట్టింది. హన్మకొండలో ఆ హైస్కూలు చుట్టూ జిరాక్స్ షాపులన్నీ మూసి ఉన్నాయి. గేటుకు గొలుసు. గొలుసు అవతల హెడ్ కానిస్టేబుల్ సదానందం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"సింధు మేడంతోని అర్జెంటు మాట్లాడాలె సారూ. ఇంట్ల ఒకరికి సీరియస్."

సదానందం ఆవలించాడు. "పొద్దటిసంది నువ్వు ఆరోటోనివి పెద్దాయనా. ఒకని నాయనమ్మ సచ్చిపోయింది. ఇంకొకని నాయనమ్మ సుత సచ్చిపోయింది. పన్నెండున్నరకు రా."

"గట్ల కాదు. ఆమె గోలీలు మర్చిపోయింది. గివి ఇయ్యాలె."

"తే. నేను పంపిస్తా." చేయి చాచి అట్ట తీసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎక్కడైనా చీటీ దోపారేమోనని గోళ్లతో అంచులు గీకి చూశాడు.

"ఇచ్చుడే కాదు సారూ, ఆమె కాడున్నయి వాపసు తీస్కోవాలె."

సదానందం కళ్లు చిట్లించాడు. "అచ్ఛా! ఇటుకెళ్లి అటు పోవుడు, అటుకెళ్లి ఇటు వచ్చుడు. లోపల్నుంచి క్వశ్చన్ పేపరు రావాల్నా ఏంది? నడువ్, నడువ్!"

రామలింగం బతిమాలాడు. షాపు పేరు చెప్పాడు. సర్కిల్ సారుకు షుగర్ మందులు తనే ఇస్తానన్నాడు. ఎన్ని చెప్పినా అసలు మాట చెప్పలేదు. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చి, పక్కన నిలబడ్డ రాజక్కను చూసి వెనక్కు పోయేది. అలా పావుగంట పోయింది.

పదకొండు గంటల బెల్లు కొట్టింది. వరండాలోకి ఒక మనిషి వచ్చింది. ఆకుపచ్చ చీర, ఒక చేయి నడుము మీద. సింధు. మంచినీళ్ల కుండ దగ్గర ఆగి గ్లాసు ముంచింది. రెండో చేతిలో వెండి రంగు ఎండకు తళుక్కుమంది.

"సింధూ!" రామలింగం గేటు ఊచలు పట్టుకుని అరిచాడు. "బిడ్డా, మింగకు! మింగకు!"

సదానందం ఊచల సందులోంచి ఆయన్ను వెనక్కి నెట్టాడు. ఆ పెద్ద మైదానం అవతల ఆమెకు అరుపు వినిపించిందే గానీ మాట అర్థం కాలేదు. ఒకసారి ఇటు చూసింది. తల వెనక్కి వంచి నీళ్లు తాగింది. గ్లాసు బోర్లించి క్లాసులోకి వెళ్లిపోయింది.

రామలింగం గేటు పట్టుకునే అలాగే జారి కూర్చున్నాడు.

"మింగొద్దని ఎందుకు ఒర్రినవ్ సేటూ?" రాజక్క అడిగింది. "నొప్పి గోలే గదా. ఎందుకు ఒర్రినవ్?"

ఇక దాచడానికి ఏముంది? జేబులోంచి పేరున్న కొస తీసి సదానందం ముందు పట్టాడు.

"గిది సారూ. గిది గర్భిణులు తినొద్దు. గీ ఎర్రది సదువున్రి. పేరు లేకుంట కోసి ఇచ్చింది నేను. ఆమెకు ఐదు నెలలు. మూడోది గిప్పుడే మింగింది. దవాఖానకు తీస్కపోకుంటే కడుపుల బిడ్డ దక్కది. తప్పు నాది. నన్ను లోపలెయ్యున్రి, ముందుగాల ఆమెను బయటికి పిలువున్రి."

సదానందం చదివాడు. గొలుసు తీసి, అంత లావు మనిషీ టోపీ చేతిలో పట్టుకుని మైదానానికి అడ్డంగా పరుగెత్తాడు.

రాజక్క అరవలేదు. కొట్టలేదు. రామలింగం ముఖంలోకి చూస్తూ నిలబడింది. "నా చేతుల్తోనే ఇచ్చిన" అంది. "నీళ్లు సుత నేనే ఇచ్చిన సేటూ. రెండు రాత్రులు నేనే ఇచ్చిన." అంతకంటే ఆమె తనను చెప్పుతో కొట్టినా బాగుండేదని రామలింగం అనుకున్నాడు.

సింధు వచ్చింది. కంగారుగా రాలేదు, మెల్లగా వచ్చింది, పొత్తికడుపు మీద అరచేయి పెట్టుకుని. పర్సులోంచి మిగిలిన ఒక్క గోలీ ముక్క తీసి ఆయన ముందు పట్టింది. ఒకవైపు కత్తెర కోత, ఇంకోవైపు ఉత్త వెండి.

"అంకుల్, ఇది పారాసిటమాలే గదా?"

ఔనంటే ఎంత బాగుండును! ఆ పిల్ల ముఖం కూడా ఔననమనే అడుగుతోంది. "కాదు బిడ్డా" అన్నాడు.

పోలీసు జీపులోనే ఆసుపత్రికి పోయారు. తేజస్వి చేసిన ఫోనుతో డాక్టరమ్మ సిద్ధంగా ఉంది. పొట్ట మీద చేయి పెట్టి గడియారం చూస్తూ నిలబడింది. పది నిమిషాలకోసారి గర్భసంచి గట్టిపడుతోంది. పిండం గుండె కొట్టుకుంటోంది. కాన్పు దారి ఇంకా తెరుచుకోలేదు. నర్సుకు గబగబా నాలుగు మందులు చెప్పి, బయటికి వచ్చి రామలింగాన్ని పిలిచింది.

"మూడో గోలీ ఎన్నింటికి మింగింది?"

"పదకొండుకు మేడం."

"సంగతి నీకెప్పుడు తెలిసింది?"

ఆయన తల వంచుకున్నాడు. "పదీ పావుకు."

"గేటు దగ్గరికి ఎన్నింటికి చేరినవ్?"

"పదీ నలభై ఐదు అయితుండొచ్చు."

మధ్యలో ఉన్న ఆ పావుగంటను డాక్టరమ్మ కూడా చూసింది, ఆయన కూడా చూశాడు. "ఆ మందును నేను తిట్టను" అంది చివరికి. "కాన్పయినంక రక్తం ఆగని తల్లుల్ని ఎంతమందినో దానితోనే బతికించుకున్నం. లేబర్ రూంలో ఎప్పుడూ ఉంటది. కానీ లెక్క చూసుకుని, పేరు చూసుకుని ఇస్తం. ఇప్పుడు ఇరవై రెండు వారాలు. ఈ బిడ్డ ఇప్పుడు బయటికొస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు. నొప్పులు ఆగాలి, అంతే."

ఆ పగలంతా రామలింగం వరండా బల్ల మీద కూర్చున్నాడు. లోపలి నుంచి సింధు మూలిగినప్పుడల్లా లేచేవాడు, మళ్లీ కూర్చునేవాడు. రాజక్క ఆ చివర, గోడకు ఆనుకుని. అఖిల్ మధ్యాహ్నానికి పరుగున వచ్చాడు, ఈయన్ను చూశాడు, పిడికిలి బిగించాడు, లోపలికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి నొప్పులు పావుగంటకోసారి అయ్యాయి. చీకటి పడ్డాక అరగంటకోసారి. తేజస్వి అన్నం తెస్తే రామలింగం ముట్టలేదు.

శుక్రవారం తెల్లవారి ఎనిమిదింటికి డాక్టరమ్మ పొట్ట మీద మిషన్ పెట్టింది. తలుపు సందులోంచి ఆ చప్పుడు వరండాలోకి వచ్చింది, గబగబా, గుర్రం పరుగెత్తినట్టు. మూడు గంటలుగా నొప్పి లేదు. "నిలబడింది" అంది డాక్టరమ్మ. "ఇంకా వారం మంచం దిగొద్దు. ఆ తర్వాత సుత జాగ్రత్తనే." రాజక్క నేల మీద కూలబడి ఏడ్చింది. రామలింగం కూడా ఏడ్చాడు, కానీ ఎవరికీ కనబడకుండా గోడ వైపు తిరిగి.

కాసేపటికి సింధు ఆయన్ను లోపలికి పిలిపించింది. ముఖం పీక్కుపోయి ఉంది. మంచం పక్కన అఖిల్, కాళ్ల దగ్గర తేజస్వి. రామలింగం చేతులు జోడించాడు. ఏదో అనబోయాడు.

"కూసోన్రి అంకుల్" అంది సింధు. దిండు కింద నుంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసి ఇచ్చింది. "రాయున్రి."

"ఏం రాయాలె బిడ్డా?"

"ఏం గోలి ఇచ్చిన్రు, ఎట్ల కోసిన్రు, పేరు ఎందుకు లేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు. మీ చేతిరాతతోనే."

ఆయన తేజస్వి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. లైసెన్సు మీద పేరు ఆమెది. అయినా "రాయున్రి మామయ్యా" అంది.

రాశాడు. మందు పేరు రాశాడు, మంగళవారం అని రాశాడు, రెండో కొస నుంచి కోసే అలవాటు గురించి రాశాడు. కోడలు వద్దని ఎన్నిసార్లు చెప్పినా విననిది తనే అని రాశాడు. పదీ పావుకు తెలిసి పదకొండు దాకా దాచానన్నది రాసేటప్పుడు పెన్ను ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. అది కూడా రాసి సంతకం పెట్టాడు.

సింధు ఆ కాగితం తీసుకుని, పిల్లల జవాబుపత్రం చూసినట్టు మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"అంకుల్, మీరు ఇట్ల పేరు లేకుంట కోసిచ్చిన గోలీలు ఇంకా ఎంతమంది ఇండ్లల్ల ఉన్నయ్?"

రామలింగం కళ్ల ముందు గల్లీ గల్లీ కదిలింది. స్టీలు డబ్బాలు, బియ్యం డబ్బా పక్కన కవర్లు, దేవుడి పటం వెనక దోపిన వెండి ముక్కలు. గుండె గోలీలు, ఫిట్స్ గోలీలు, షుగర్ గోలీలు. అన్నీ తెల్లవే. మొదటి నాలుగు ఇళ్లు లెక్కపెట్టాడు. తర్వాత లెక్క అందలేదు.

"తెల్వది బిడ్డా" అన్నాడు.

సింధు కాగితం తిప్పి, వెనక వైపు ఖాళీగా ఉన్న పుట ఆయన ముందు పెట్టింది.

"అయితే అది సుత రాయున్రి."